బాటరీలోని కరెంటు ఎవరు తాగేస్తున్నారు?

హైదరాబాదులో పాత తరం వాళ్ళను కదిలిస్తే, "గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడిచి పోడు" అంటారు. మీరూ వినే ఉంటారు. ఆ నీళ్ళ సంగతి తరువాత చెప్తాను. ముందు, అదే గండిపేట చెరువు దాటి మొయినాబాదు వైపు వెళ్తే వచ్చే ఒక తోటలో, ఓ చలికాలం ఉదయం నాలుగు గంటలకు ఏం జరిగిందో వినండి.

అది మా చిన్నాయన తోట. కూరగాయలు, కాసిని పూలు. తోటలో ఇల్లుంది గాని కరెంటు స్తంభం చాలా దూరం. అందుకని ఇంటి పైకప్పు మీద రెండు సౌరఫలకాలు, లోపల ఒక పెద్ద బాటరీ, దాని పక్కన ఇన్వర్టరు. నాలుగేళ్ళుగా ఇంటిల్లిపాదికీ వెలుతురూ గాలీ వీటివల్లనే. ఆ సంవత్సరం మా చెల్లెలు, అంటే చిన్నాయన కూతురు, పదో తరగతి. తెల్లవారుజామున లేచి చదువుకోవడం ఆమెకు అలవాటు. జనవరి నెలలో ఒకనాడు నాలుగు గంటలకు లేచి లెక్కల పుస్తకం తెరవగానే ఇన్వర్టరు కీచుమని అరిచింది. దీపం ఆరిపోయింది.

మెకానిక్కు వచ్చాడు. బాటరీని తీసుకుపోయి, నిండా చార్జి చేసి తెచ్చి పెట్టాడు. నాలుగు రోజులు బాగుంది. అయిదో రాత్రి మళ్ళీ చీకటి! మళ్ళీ చార్జి చేశాడు. మళ్ళీ నాలుగు రోజులే. "లోపల ఒక సెల్లు పోయింది, కొత్త బాటరీ కొనాల్సిందే" అని తేల్చేశాడు. కొత్త బాటరీ అంటే పదిహేను వేల పైమాట. పరీక్షలు మార్చిలో. చిన్నాయన డబ్బు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

"అన్నా, బాటరీ ఖరాబైతే నాలుగు దినాలన్న ఎట్ల నడుస్తది? ఖరాబైంది ఖరాబైనట్టే ఉండాలె గద?" అంది చెల్లెలు.

మంచి ప్రశ్న! ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే.

ఇప్పుడు గండిపేట దగ్గరికి వద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాదు నగరం అల్లకల్లోలమయింది. మళ్ళీ అలాంటి ప్రమాదం రాకుండా ఏం చెయ్యాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నగరానికి ఎగువన ఆనకట్టలు కట్టి వరదనీటిని ఆపమన్నాడాయన. అలా మూసీ మీద 1920 నాటికి తయారయిందే ఉస్మాన్ సాగర్, మన గండిపేట చెరువు. నిండితే 3.9 శతకోటి ఘనపుటడుగుల నీరు పడుతుంది. నిండుమట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు.

ఈ చెరువు ఒక ఏడాది త్వరగా ఎండిపోయిందనుకోండి. కారణం ఏమయి ఉండవచ్చు? గట్టుకు చిల్లు పడి నీరు కారిపోయి ఉండవచ్చు. ఊరివాళ్ళు ఎక్కువ వాడి ఉండవచ్చు. ఎగువనుంచి నీరు తక్కువ వచ్చి ఉండవచ్చు. లేదా అడుగున పూడిక పేరుకుని చెరువులో పట్టే నీరే తగ్గి ఉండవచ్చు. బాటరీ విషయంలోనూ సరిగ్గా ఈ నాలుగే. ఎండిన చెరువును చూసి "గట్టు పోయింది, కొత్త చెరువు తవ్వండి" అని ఎవరూ అనరు గదా! బాటరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం ముందు ఆ మాటే అంటాం.

చిల్లు సంగతి తేలాలంటే బాటరీ లోపల ఏముందో తెలియాలి. 1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసపు బాటరీయే, కొద్ది మార్పులతో, ఇవాళ్టికీ లక్షల ఇళ్ళలో పనిచేస్తోంది. ఒక పలక సీసం. ఇంకొకటి సీసపు డయాక్సైడు. రెండూ నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. కరెంటు వాడుకుంటున్నప్పుడు ఆమ్లంలోని సల్ఫేటు రెండు పలకలనూ పట్టుకుని సీసపు సల్ఫేటుగా మారుతుంది. ఆమ్లం పలచబడుతుంది. చార్జి చేసేటప్పుడు ఆ సల్ఫేటు పలకలను వదిలి మళ్ళీ ద్రవంలోకి వస్తుంది. ఆమ్లం చిక్కబడుతుంది. అందుచేత బాటరీలో ఎంత చార్జి ఉందో ద్రవం ఎంత చిక్కగా ఉందో చూస్తే తెలిసిపోతుంది. దానికి వాడే సాధనం హైడ్రోమీటరు. ఇళ్ళలో వాడే గొట్టపు పలకల బాటరీ నిండుగా ఉంటే ద్రవం విశిష్ట సాంద్రత సుమారు 1.24 ఉంటుంది. బాగా ఖాళీ అయితే 1.12కు దగ్గరగా పడిపోతుంది.

ఇక్కడ మీ నోటుపుస్తకంలో రాసుకోదగిన సూత్రం ఒకటుంది. విశ్రాంతిగా ఉన్న ఒక సెల్లు వోల్టేజి కావాలంటే దాని ద్రవం విశిష్ట సాంద్రతకు 0.84 కలపండి. 1.24కు 0.84 కలిపితే 2.08 వోల్టులు. పన్నెండు వోల్టుల బాటరీలో ఆరు సెల్లులుంటాయి గనుక ఆరుతో గుణిస్తే దాదాపు 12.5 వోల్టులు. ఖాళీ బాటరీకి ఎంత వస్తుందో మీరే చేసి చూడండి. 11.8కి కాస్త తక్కువ రావాలి. చూశారా, నిండు బాటరీకీ ఖాళీ బాటరీకీ మధ్య తేడా ముప్పాతిక వోల్టు కూడా లేదు! అందుకే కొలత జాగ్రత్తగా ఉండాలి.

చిన్నాయన పొరపాటు అక్కడే జరిగింది. ఆయన రోజూ పొద్దుగూకగానే మీటరు పెట్టి చూసేవాడు. 13 వోల్టులు చూపించేది. "నిండుగానే ఉంది" అనుకునేవాడు. కాని "విశ్రాంతిగా ఉన్న సెల్లు" అన్నాను, గుర్తుందా? పగలంతా చార్జి అయిన బాటరీలో పలకల దగ్గరి ద్రవం చిక్కగాను, దూరంగా ఉన్నది పలచగాను ఉంటుంది. రెండూ కలిసి సర్దుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆలోపు మీటరు చెప్పేది పైపై మాట. బిందెడు నీళ్ళు కుమ్మరించగానే గాబులో నీరు ఎగసినట్లుంటుంది చూడండి, అలాగన్నమాట.

మెకానిక్కు అన్నట్లు ఒక సెల్లు చచ్చిపోయి ఉంటే ఏమవుతుంది? ఆరింటిలో ఒకటి పోతే అయిదే మిగుల్తాయి. విశ్రాంతి తరువాత కూడా వోల్టేజి పదిన్నర దగ్గరే ఆగాలి. మరి ఆరు సెల్లులూ బతికి ఉండి, లోపల్లోపలే చార్జి కారిపోతోందేమో? ఏ సీసపు బాటరీ అయినా ఊరికే ఉంచితే తనంతట తాను కొంత పోగొట్టుకుంటుంది. కొత్త బాటరీ నెలకు నూటికి నాలుగైదు పాళ్ళు పోగొట్టుకుంటుంది. పాతది, వేడిగా ఉండే చోట పెట్టినది, ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటుంది. అయినా నాలుగు రోజుల్లో మొత్తం పోదు. పోతే రోగం లోపలే ఉందన్నమాట.

దీన్ని తేల్చుకోవడానికి మీటరు, ఒక రాత్రి చాలు. ఒక సాయంత్రం బాటరీ తీగలు రెండూ విప్పించాను. రాత్రి పది గంటలకు కొలిస్తే 12.3 వోల్టులు. ఆ రాత్రి చెల్లెలు టార్చిలైటుతోనే చదువుకుంది, పాపం. ఉదయం ఆరు గంటలకు కొలిస్తే మళ్ళీ 12.3. గట్టుకు చిల్లు లేదు! హైడ్రోమీటరుతో చూస్తే అయిదు సెల్లులలో 1.21 ఉంది, ఒక్కదానిలో 1.18. ఆ ఒక్కటీ కొంచెం నీరసంగా ఉన్న మాట నిజమే. కాని చచ్చిపోలేదు.

(ఇక్కడ ఒక హెచ్చరిక. బాటరీలో ఉన్నది ఆమ్లం. చార్జి అయ్యేటప్పుడు వెలువడేది హైడ్రోజను, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. రెండు కొనలకూ స్పానరు అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. తీగలు విప్పడం, హైడ్రోమీటరు ముంచడం పెద్దవాళ్ళ పని. వాళ్ళూ కంటికి అద్దాలు పెట్టుకుని, చేతికున్న ఉంగరాలు, గాజులు తీసేసి చెయ్యాలి. ఇన్వర్టరు మూత ఎవరూ తెరవకూడదు. అంకెలు రాసుకోవడం, లెక్క కట్టడం మీ పని. అసలు దొంగ దొరికేది అక్కడే.)

ఇక వాడకం చూద్దాం. చిన్నాయన లెక్క ఇది. తొమ్మిది వాట్ల దీపాలు మూడు, అయిదేసి గంటలు వెలిగితే 135 వాట్-గంటలు. 70 వాట్ల ఫాను నాలుగు గంటలు తిరిగితే 280. మొత్తం 415. ఆదాయమో? ఒక్కొక్కటి 150 వాట్ల ఫలకాలు రెండు. మన ప్రాంతంలో ఒక పగటి ఎండనంతా కూడదీస్తే, మంచి మిట్టమధ్యాహ్నపు ఎండ అయిదు గంటలు కాసినదానితో సమానమని స్థూలంగా లెక్క. 300ను 5తో గుణిస్తే 1500. "పదిహేను వందలొస్తుంటే నాలుగు వందలు ఖర్చు. మిగిలింది ఏడ పోతున్నది?" అని అడిగాడు.

సంతలో కూరగాయలమ్మిన డబ్బంతా ఇంటికి చేరుతుందా? కమీషను, కూలి, ఆటో కిరాయి దారిలోనే పోతాయి. ఇదీ అంతే. ఎండలో ఫలకం వేడెక్కుతుంది. వేడెక్కినకొద్దీ, 25 డిగ్రీల మీద ప్రతి డిగ్రీకీ నూటికి 0.4 పాలు చొప్పున దాని శక్తి తగ్గుతుంది. దుమ్ము కొంత తింటుంది. తీగలు కొంత తింటాయి. ఇలా అయిదో వంతు పోయిందనుకుందాం. 1200 మిగిలింది. బాటరీలో నూరు పోస్తే తిరిగి వచ్చేది ఎనభై అయిదే. కాబట్టి 1020. అయినా 415కి ఇది చాలా ఎక్కువే గదా?

అప్పుడు బాటరీ తీగలు మళ్ళీ బిగించి, ఇంట్లో అన్నీ కట్టేసి, ఇన్వర్టరు ఒక్కటే వేసి ఉంచాం. పట్టకారులా తీగను పట్టుకుని కొలిచే క్లాంపు మీటరు తగిలిస్తే 1.2 ఆంపియర్లు చూపించింది. దీపం లేదు, ఫాను లేదు, మరి ఈ 1.2 ఎక్కడికి? ఇన్వర్టరు తాను మేలుకుని ఉండడానికే! పన్నెండున్నర వోల్టుల దగ్గర అది 15 వాట్లు. చూడడానికి చిన్నదే. కాని ఫాను నాలుగు గంటలే తిరుగుతుంది, ఇది ఇరవై నాలుగు గంటలూ తింటుంది. 15ను 24తో గుణించండి. 360! ఫాను కంటె ఎక్కువ.

మీటరు ముల్లు అక్కడితో ఆగిందా అంటే, అదీ లేదు. గోడమీద ఒక మూల చిన్న ఆకుపచ్చ లైటు మెరుస్తోంది. చెల్లెలి పాఠాలకని దసరా సెలవుల్లో కొన్న ఇంటర్నెట్ రౌటరు. దాని ప్లగ్గు పెట్టగానే మరో 0.9 ఆంపియరు పెరిగింది. రౌటరు తినేది పది వాట్లే. రోజంతా వేస్తే 240. ఇన్వర్టరు ఒకరకం కరెంటును మరోరకంగా మార్చేటప్పుడు పోయే పదో వంతు కూడా కలుపుకుంటే 267.

ఇప్పుడు అసలు లెక్క కట్టండి. దీపాలు, ఫాను, మార్పిడి నష్టంతో కలిపి 461. ఇన్వర్టరు సొంత ఖర్చు 360. మొత్తం 821. దసరాకు ముందు 1020 వచ్చేది, 821 పోయేది. ఇల్లు హాయిగా గడిచింది. రౌటరు చేరాక ఖర్చు 1088 అయింది. ఆదాయాన్ని మించింది, కాని 68 మాత్రమే. ఇంత చిన్న లోటుతో బాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ కాదు. మూడు వారాల దాకా పడుతుంది. అంటే ఇంకొక దొంగ ఉన్నాడు!

మధ్యాహ్నం రెండు గంటలకు పైకప్పు ఎక్కి చూస్తే వాడూ దొరికాడు. ఇంటికి నైరుతి మూల ఒక వేపచెట్టు. దాని నీడ సగం ఫలకం మీద పడి ఉంది.

"ఫలకాలు పెట్టిన్నాడు నీడ లేకుండె" అన్నాడు చిన్నాయన. నిజమే. ఆయన పెట్టింది మే నెల రెండో వారంలో. మీలో భూగోళం బాగా చదివేవాళ్ళకు ఈ పాటికి అర్థమై ఉంటుంది. గండిపేట ఉన్నది ఉత్తర అక్షాంశం 17.4 డిగ్రీల దగ్గర. మే 9 ప్రాంతంలోను, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోను మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీద ఉంటాడు. నిలబెట్టిన గుంజకు నీడే ఉండదు. నీడలేని రోజున ఫలకాలకు చోటు చూసుకున్నారన్నమాట! అదే డిసెంబరు 22న మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. పదడుగుల గుంజకు ఉత్తరంగా ఎనిమిదిన్నర అడుగుల నీడ పడుతుంది. మధ్యాహ్నం దాటితే నీడ ఇంకా సాగుతుంది. మరి మొదటి మూడు చలికాలాలూ ఏమీ కాలేదే? అప్పటికి వేప ఇంటి కప్పు దాటలేదు. నాలుగో ఏటికి దాటింది.

సగానికి నీడ పడితే సగం కరెంటు వస్తుందనుకుంటున్నారా? అంతకంటె అన్యాయం జరుగుతుంది. ఫలకంలోని సౌర ఘటాలు వరసగా ఒకదాని తరువాత ఒకటి కలిపి ఉంటాయి. బావినుంచి ఇంటిదాకా పిల్లలు వరసగా నిలబడి నీళ్ళ చెంబులు అందిస్తున్నారనుకోండి. మధ్యలో ఒకడు నిద్రపోతే మిగతా అందరి చేతులూ ఆగిపోతాయి. ఘటాలకూ అదే గతి. నిద్రపోయినవాణ్ణి తప్పించి పక్కదారిన చెంబు అందించే డయోడులు ఫలకం వెనక ఉంటాయి గాని, అవి తప్పించేటప్పుడు ఒక్కణ్ణి కాదు, ఆ వరసలో మూడో వంతు మందిని కలిపి తప్పిస్తాయి. మొయినాబాదు నుంచి చేవెళ్ళ పోయే దారిపొడవునా పెద్ద పెద్ద మర్రిచెట్లున్నాయి. వాటి నీడన నడిచినవాళ్ళకు అంత సుఖం ఇంకెక్కడా ఉండదు. సౌరఫలకానికి మాత్రం అరచేయంత నీడైనా పగ.

నీడవల్ల రోజుకు నాలుగో వంతు పోతోందనుకుంటే 1020 కాస్తా 765 అయింది. ఖర్చు 1088. రోజుకు 323 లోటు. బాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలు, అంటే కాగితం మీద 1800 వాట్-గంటలు. పాతబడినందుకు కొంత, బాటరీ పూర్తిగా ఎండకముందే ఇన్వర్టరు ఆపేస్తుంది గనుక కొంత తీసేస్తే 1400 అనుకుందాం. 1400ను 323తో భాగించి చూడండి. నాలుగు దాటింది, అయిదుకు చేరలేదు. అంటే అయిదో రాత్రి! చెల్లెలు ఈ భాగహారం చేసి పెన్సిలు కింద పెట్టి, గోడమీది ఆకుపచ్చ లైటు వైపు కోపంగా చూసింది.

కొత్త బాటరీ కొని ఉంటే ఏమయ్యేది? అయిదుకు బదులు ఆరో రాత్రి ఆరిపోయేది, అంతే. పదిహేను వేలకు ఒక రాత్రి.

మరి పూడిక మాటేమిటి? ఉంది. బాటరీ నిండకుండా వారాల తరబడి అరకొరగా నడిస్తే పలకలను పట్టుకున్న సీసపు సల్ఫేటు పెద్ద పెద్ద గట్టి స్ఫటికాలుగా మారుతుంది. తరువాత ఎంత చార్జి చేసినా అది ద్రవంలోకి సులువుగా రాదు. ఆ మేరకు పలక పనికిరాకుండా పోతుంది. అలాంటి బాటరీని గుర్తుపట్టడం తేలికే. చిటికెలో నిండినట్లు కనిపిస్తుంది, చిటికెలో ఖాళీ అవుతుంది. అంటే చాలాసార్లు బాటరీ చెడి కరెంటు పోవడం కాదు, లోటులో నడవడంవల్లనే బాటరీ చెడుతుంది. నీరసంగా ఉన్న ఆ ఒక్క సెల్లుకు పట్టింది ఈ జబ్బే కావచ్చు.

ఇళ్ళలో తరచు కనిపించే దొంగలు ఇంకా ఇద్దరున్నారు. బాటరీ మూతమీద ఆమ్లపు తడీ దుమ్మూ కలిసి పేరుకుంటే, ఆ పొర గుండానే రెండు కొనల మధ్య కరెంటు సన్నగా పారుతుంది. మీటరు ఒక తీగ కొనకు, రెండోది మూతమీది తడికి ఆనిస్తే ముల్లు కదులుతుంది. వంటసోడా కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి తుడిస్తే పోతుంది. బిరడాల సందుల్లోంచి ఆ నీళ్ళు లోపలికి మాత్రం దిగకూడదు. రెండోవాడు చార్జి కంట్రోలరు. రాత్రిపూట బాటరీనుంచి ఫలకానికి కరెంటు వెనక్కు పారకుండా ఆపేది అదే. అది చెడితే బాటరీ రాత్రంతా ఆకాశానికి కరెంటు పంపుతూ ఉంటుంది! చీకటి పడ్డాక ఫలకం తీగకు క్లాంపు మీటరు పెట్టి చూస్తే చాలు. సున్నా ఉండాలి. మా చిన్నాయన ఇంట్లో సున్నాయే ఉంది.

లిథియం బాటరీలున్న ఇళ్ళలో ఈ వోల్టేజి లెక్కలు పనిచెయ్యవు. దాదాపు నిండుగా ఉన్నప్పుడు, బాగా తగ్గినప్పుడు కూడా వోల్టేజి ఒకే తీరుగా ఉండి, చివర్లో ఒక్కసారి పడిపోతుంది. తెరమీద కనిపించే శాతం కూడా, ఎన్నాళ్ళో నిండకుండా ఉంటే, తప్పు చూపడం మొదలుపెడుతుంది. ఒకసారి పూర్తిగా నింపితే సర్దుకుంటుంది. ఆదాయం, ఖర్చుల లెక్క మాత్రం ఏ బాటరీకైనా ఒకటే.

వేపచెట్టును కొట్టేద్దామన్నాడు చిన్నాయన. చిన్నమ్మ ఒప్పుకోలేదు. ఫలకాలనే కప్పుమీద ఈశాన్యపు మూలకు జరిపాం. రౌటరుకు ఒక స్విచ్చు పెట్టాం. పడుకోబోయే ముందు, బడికి పోయేటప్పుడు కట్టెయ్యాలి. చదువుకునే బల్ల దగ్గర ఇన్వర్టరుతో పని లేకుండా పన్నెండు వోల్టుల దీపం ఒకటి, మధ్యలో ఫ్యూజుతో, నేరుగా బాటరీకే కలిపించాం. ఇక తెల్లవారుజామున ఇన్వర్టరును మేలుకొలపనక్కర్లేదు. సెల్లులలో తగ్గిన నీటికి బదులు డిస్టిల్డు వాటరు పోశారు. ఎగిరిపోయేది నీరే గాని ఆమ్లం కాదు గనుక ఆమ్లం పొయ్యకూడదు. లవణాలుంటాయి గనుక బోరునీళ్ళూ పొయ్యకూడదు.

రెండు వారాలు ఆ ఇంట్లో ఫాను తిప్పలేదు. చలికాలం గనుక సరిపోయింది. ఆదివారం ఆదివారం హైడ్రోమీటరు ముంచి చూస్తే సాంద్రత మెల్లమెల్లగా పైకి వచ్చింది. ఫిబ్రవరి మొదటికి అయిదు సెల్లులలో 1.24, నీరసపు సెల్లులో 1.21. అది అంతకు మించి లేవలేదు. ఆ బాటరీ ఇంకొక ఏడాది లాగుతుందో, రెండేళ్ళు లాగుతుందో ఆ సెల్లే చెప్పాలి. చెల్లెలి లెక్కల పుస్తకం చివరి పేజీలో ఇప్పటికీ ఒక పట్టిక ఉంది: తేదీ, తెల్లవారి వోల్టేజి, ఆరు సెల్లుల సాంద్రత, మధ్యాహ్నం రెండు గంటలకు వేపచెట్టు నీడ ఎక్కడిదాకా వచ్చింది.